సీల్డు కవరు ముఖ్యమంత్రులు

నలభై ఏళ్లు దాటిన మాట ఒకటి చెప్పుకుందాం.

1978లో ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్ (ఐ) గెలిచింది. మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తర్వాత? అంజయ్య వచ్చారు. భవనం వెంకట్రామ్ వచ్చారు. కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు. ఒకే శాసనసభ, నలుగురు ముఖ్యమంత్రులు! మధ్యలో ఓటర్ని అడిగినవారు లేరు.

ఎలా జరిగేదంటే, ఢిల్లీ నుంచి పరిశీలకులు దిగేవారు. ఎమ్మెల్యేలు సమావేశమయ్యేవారు. నాయకుణ్ణి ఎన్నుకోవాల్సింది వాళ్లే. కానీ ఆ పని అధిష్ఠానానికే వదిలేస్తూ ఏకవాక్య తీర్మానం చేసేవారు. పేరు సీల్డు కవరులో పెట్టి పంపినట్టు ఢిల్లీ నుంచే వచ్చేది. అందుకే సీల్డు కవరు ముఖ్యమంత్రి అన్న ఎత్తిపొడుపు పుట్టింది.

ఒకటి గమనించండి. ఇందులో చట్టం తప్పలేదు. మెజారిటీ పక్షం ఎవరి పేరు చెబితే గవర్నరు వారినే నియమిస్తారు. ఆ పేరు పార్టీ ఎలా తేల్చుకోవాలో రాజ్యాంగం చెప్పదు. అయినా ఆ పేరు ఢిల్లీ తేల్చడమే జనానికి ఒళ్లు మండించింది.

1982 మార్చిలో ఎన్టీఆర్ పార్టీ పెట్టి, తెలుగువారి ఆత్మగౌరవం అన్నారు. 1983 జనవరిలో గెలిచారు. మరి 1995లో ఆయన్ను దించిందెవరు? ఢిల్లీ కాదండీ, సొంత ఎమ్మెల్యేలే.