ప్రభుత్వము మీద దావా వేయవచ్చునా?

2012 మే 22వ తేదీ తెల్లవారుజామున, హుబ్బళ్లి నుండి బెంగుళూరు పోవు హంపీ ఎక్స్‌ప్రెస్ పెనుకొండ స్టేషనులో నిలిచియున్న గూడ్సు బండిని ఢీకొన్నది. ఇరువదిమందికి పైగా ప్రయాణికులు మరణించిరి. రైలు కేంద్ర ప్రభుత్వమువారిది. ఊరు మన రాష్ట్రములోనిది. అట్లు పోయినవాని భార్య ఎవరి మీద, ఏ న్యాయస్థానములో వ్యాజ్యము తేవలెను? అసలు ప్రభుత్వము మీద ప్రజ దావా వేయుట చెల్లునా?

రాజు తప్పు చేయడనునది ఇంగ్లండులోని పాత సూత్రము. అది మనకు కొంత వంకరదారిని వచ్చినది. కలకత్తాలో కిదర్‌పూరు రేవు చెంత సర్కారు పనివాండ్రు ఇనుప సామాను మోయుచుండగా, ఆ చప్పుడునకు ఒక ఓడల కంపెనీవారి బండిగుఱ్ఱము బెదరి గాయపడినది. కంపెనీవారు దావా వేసిరి. 1861లో తీర్పు వచ్చినది. వర్తకుడు కూడ చేయదగిన పనిలో నౌకరు అజాగ్రత్త చూపినచో సర్కారు నష్టమియ్యవలెను. రాజ్యాధికారముచేత మాత్రమే జరుగు పనిలో ఇయ్యనక్కరలేదు. మన రాజ్యాంగము 300వ అధికరణములో కేంద్రము మీదను రాష్ట్రముల మీదను దావా వేయవచ్చునని చెప్పియు, బాధ్యత హద్దులను చట్టసభలు మార్చువరకు పూర్వపు స్థితికే వదలినది. కనుక ఆ గుఱ్ఱపు తగాదా స్వతంత్ర భారతములోను జీవించియే యున్నది.

దాని కష్టఫలము కస్తూరిలాల్ కేసులో కనబడినది. 1947లో మీరట్ పోలీసులు ఒక నగల వర్తకుని బంగారము పట్టి మాల్‌ఖానాలో ఉంచిరి. హెడ్ కానిస్టేబులు దానితో పాకిస్తానుకు పారిపోయెను. సుప్రీం కోర్టు అజాగ్రత్తను ఒప్పుకొనియు, పోలీసు పని రాజ్యాధికారపు పని యనుచు, వర్తకుని రిక్తహస్తముతో పంపినది. ఈ తీర్పు నాకెన్నడును రుచింపలేదు.

మార్పు మన రాయలసీమ కేసుతో గట్టిపడినది. 1977లో కోవెలకుంట్ల సబ్‌జైలులో తండ్రీకొడుకులు నిర్బంధములో నుండిరి. తమ ప్రాణములకు ముప్పున్నదని ముందే మొఱపెట్టుకొనిరి. రాత్రివేళ శత్రువులు బాంబులు వేయగా తండ్రి చనిపోయెను, కొడుకు గాయపడెను. క్రింది కోర్టులో దావా వీగిపోయినది, హైకోర్టు పరిహారమిచ్చినది, సర్కారువారు అప్పీలు చేసిరి. చల్లా రామకృష్ణారెడ్డి కేసుగా పేరుపొందిన దీనిలో సుప్రీం కోర్టు 2000లో, ఖైదీ యైనను జీవించు హక్కు కోల్పోడనియు, ఆ హక్కు ముందు రాజ్యాధికార మినహాయింపు నిలువదనియు తీర్పు చెప్పినది. గోడలోపల నున్నవాడు తన్ను తాను కాపాడుకొనుటకు పరుగెత్తను లేడు కదా!

అమెరికాలో చిక్కు మఱియొక తీరున నున్నది. అక్కడ కేంద్రమునకును రాష్ట్రములకును వేర్వేఱు కోర్టులు. కేంద్రపు ఉద్యోగి అజాగ్రత్తకు 1946 నాటి చట్టము ప్రకారము కేంద్రపు కోర్టులోనే దావా వేయవలెను. కాని తప్పును కొలుచు కొలబద్ద ఆ పని జరిగిన రాష్ట్రపు చట్టము. మనకు అట్టి జంటకోర్టులు లేవు. హిందూపురము కోర్టే కేంద్ర చట్టమును, రాష్ట్ర చట్టమును రెంటిని అమలుపఱచును.

సామాన్యపు దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడు 80వ సెక్షను ప్రకారము రెండు నెలల నోటీసు ఈయవలెను. రాష్ట్రము మీదనైనచో దానిని కలెక్టరునకు ఈయవచ్చును. 2022 నుండి ధర్మవరము, పెనుకొండ, హిందూపురములకు కలెక్టరు పుట్టపర్తిలో నున్నారు. ధర్మవరపు నేతగాడు ఆర్.టీ.సీ. బస్సు క్రింద పడి గాయపడినచో మోటారు ప్రమాదముల ట్రిబ్యునలుకు పోవలెను. తాను నివసించు చోటి ట్రిబ్యునలు చాలును.

రైలు ప్రమాదమున కట్లు కాదు. 1987 నాటి చట్టముచే ఏర్పడిన రైల్వే క్లెయిముల ట్రిబ్యునలే వినవలెను. సివిల్ కోర్టునకు అధికారము లేదు. అక్కడ డ్రైవరు తప్పా, సిగ్నలు తప్పా అని రుజువు చేయనక్కరలేదు. పెనుకొండ ప్రమాదమునాడు మరణమునకు పరిహారము నాలుగు లక్షలు. 2017 జనవరి 1 నుండి అది ఎనిమిది లక్షలు. ప్రమాదపు వేళ మంత్రులు ప్రకటించు సహాయము దీనికి వేఱు. దానిని పుచ్చుకొని ఊరకుండువారు కలరు. అర్జీ ఏడాదిలోపల పెట్టవలెను. మృతుని జేబులో టిక్కెట్టు దొరకలేదని భయపడి మానుకొనరాదు. 2018లో సుప్రీం కోర్టు, టిక్కెట్టు లేనంత మాత్రమున క్లెయిము పోదనియు, వారసులు ప్రమాణపత్రము దాఖలు చేసినచో ఋజువు భారము రైల్వేవారిపై పడుననియు చెప్పినది.