అగ్గిపెట్టె ఫోను నేర్పిన పాఠం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ముప్పై ఏండ్లుగా నేను సొరంగాల పనుల్లో ఉన్నాను. భూమి లోపలి మనిషి మాట బయటికి ఎట్లా చేరుతుందో రెండు ముక్కలు చెప్తాను.

ఎనిమిదో తరగతిలో సైన్సు సారు మాతో అగ్గిపెట్టెల ఫోను చేయించారు. సిరిసిల్ల దోస్తు వాళ్ల సాంచెల కాడి నూలు తెచ్చాడు. వరండాలో మాట బాగానే వినపడింది. దారాన్ని గోడ మూల తిప్పి పక్క గదిలోకి తీసుకుపోతే ఆగిపోయింది. "మూల కాడ ఏమైందో చూడుండ్రి" అన్నారు సారు. దారం గోడకు తగిలింది. మేం నవ్వి మరిచిపోయాం.

రేడియో తరంగం గాలిలో మైళ్లు పోతుంది గానీ తడి రాతిలో తొందరగా అణగారిపోతుంది. తిన్నగా ఉన్న సొరంగం మాత్రం తరంగానికి గొట్టంలా దారి ఇస్తుంది. అయితే తరంగం పొడవు సొరంగం వెడల్పు కంటే బాగా తక్కువుండాలి. 100 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 3 మీటర్లు. 450 మెగాహెర్ట్జ్ వాకీటాకీది 67 సెంటీమీటర్లే. అందుకే లోపల రెండోదే దూరం పోతుంది. మలుపు వస్తే అదీ నీరసిస్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సొరంగంలో వాకీటాకీలు పరీక్షించే పని నాకిచ్చారు. తిన్నగా ఉన్న భాగంలో చూసి, 'బాగున్నాయి' అని సంతకం పెట్టాను. నెల తిరగకుండానే మలుపు అవతల ఒక కార్మికుడి కాలి మీద బండరాయి పడింది. తోటివాడు వాకీటాకీలో ఎంత అరిచినా ఎవరికీ వినపడలేదు. చివరికి పరుగెత్తుకొచ్చి చెప్పాడు. ఆ మనిషి బతికాడు, కాలు పోయింది. ఆలస్యం వల్లే పోయిందని ఎవరూ నన్ననలేదు. నేనే ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత అక్కడ లీకీ ఫీడర్ కేబుల్ వేశాం. దాని పై పొరకు సందులుంటాయి. మామిడితోటలో డ్రిప్ పైపు నీళ్లు కార్చినట్టు, పొడుగునా సంకేతాన్ని కారుస్తూ పోతుంది. నీరసించిన చోట ఆంప్లిఫయర్లు బలమిస్తాయి. కప్పు కూలి కేబుల్ తెగితే మాత్రం అవతల మూగే. కనుక రెండో దారి ఎప్పుడూ ఉండాలి.

2023 నవంబరులో ఉత్తరకాశి దగ్గర సిల్క్యారా సొరంగంలో 41 మంది 17 రోజులు చిక్కుకున్నారు. శిథిలాల గుండా పోయిన పైపే వాళ్లకు తిండి, గాలి, మాట అందించింది. అందరూ బయటపడ్డారు. 2025 ఫిబ్రవరి 22న మన ఎస్‌ఎల్‌బీసీ సొరంగంలో 8 మంది చిక్కుకున్నప్పుడు, ఎంత పిలిచినా జవాబు రాలేదు.

ఇది దూరపు ముచ్చట కాదు. రామడుగు మండలం లక్ష్మీపూర్‌లో 139 మెగావాట్ల మోటార్లు ఏడు భూగర్భంలోనే ఉన్నాయి. రేపు అట్లాంటి చోట్ల మన బడి పిల్లలే పనిచేస్తారు.

ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం. అగ్గిపెట్టె ఫోను చేయించినప్పుడు దారాన్ని మూల కూడా తిప్పించండి. మాట ఎక్కడ ఆగిందో పిల్లలతోనే వెతికించండి.