చదువు రానివారికీ దారి చూపే బొమ్మ



ఉమ్రా చేసి వచ్చినవారిని ఒక మాట అడుగుతాం. సఫా, మర్వాల మధ్య సయీ చేస్తూ పచ్చ లైట్లు రాగానే మగవాళ్లంతా నడక వేగం పెంచుతారు కదా. వారిలో అరబ్బీ చదవగలిగినవారు ఎందరు? ఏ దేశంవారైనా ఆ పచ్చ వెలుగు చూసే తెలుసుకుంటారు.

మన దేశంలోనూ ఇది కొత్త కాదు. 1951-52లో తొలి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్లలో అత్యధికులకు చదువు రాదు. అందుకే ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దానిమీద గుర్తు వేశారు. కాడెద్దుల గుర్తును మన తాతలు అక్షరాలు లేకుండానే పోల్చుకున్నారు.

అయితే బొమ్మ వేసినంత మాత్రాన అర్థమైపోదు. పురుగుమందు డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే భయం లేదని అనుకోకూడదు. అదీ విషమే, తీవ్రత తక్కువ, అంతే. పత్తి, మిరప చేలల్లో మందు కొట్టే కూలీకి ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

మన మహదేవపూర్ సంగతి మీకు తెలుసు. గోదావరి దాటితే మహారాష్ట్రలోని సిరొంచ. తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండి మాట్లాడేవారు ఇక్కడ కలుస్తారు. ఉర్దూ చక్కగా చదివే మన అమ్మల్లోనే తెలుగు బోర్డు చదవలేనివారు ఉన్నారు.

అందుకే మన ఉచిత వైద్య శిబిరంలో మందుల కవర్ల మీద బొమ్మలు వేయించాం. పొద్దున గోలీకి ఉదయించే సూర్యుడు, మధ్యాహ్నానికి నడినెత్తి సూర్యుడు, రాత్రికి నెలవంక. ఒక అవ్వ కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "బిడ్డా, ఇది మీ గుర్తు గదా, ఈ గోలీలు మాక్కూడానా?" అని అడిగింది. మేం నవ్వలేదు. ఆ ప్రశ్న అడగకుండా వెళ్లి ఉంటే, ఆమె రాత్రి మందు మానేసి ఉండేది. నెలవంక తీసేసి, మంచం మీద పడుకున్న మనిషి బొమ్మ పెట్టాం. ఇప్పుడు ఏ బొమ్మనైనా అచ్చుకు పంపే ముందు చదువు రాని పదిమందికి చూపి, "ఇదేమిటి?" అని అడుగుతున్నాం. వారు చెప్పలేకపోతే తప్పు బొమ్మదే.

దారిలో అడ్డు తొలగించడం కూడా సదఖాయే అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. చదవలేనివారికి అక్షరాల బోర్డూ ఒక అడ్డే. తాగునీరు, ఆడవారి మరుగుదొడ్డి, వైద్య శిబిరానికి దారి, వీటికి బొమ్మల బోర్డులు పెట్టాలని సంకల్పించాం.

దాతలకు ఒక్క విన్నపం. బోర్డు మీద మీ పేరు చిన్నగా, బొమ్మ పెద్దగా ఉండనివ్వండి. దాహంతో వచ్చినవారు ముందుగా చూడవలసింది నీళ్ల గ్లాసు. ఇచ్చినవారెవరో అల్లాహ్‌కు తెలుసు.