ఎవరి లాకు దగ్గర వాళ్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్లుగా కరెంటు గ్రిడ్ పనిలో ఉన్నాను. ఊరికొచ్చినప్పుడల్లా "అంత పెద్ద గ్రిడ్‌ని ఎక్కడ కూర్చుని నడుపుతారు?" అని అడుగుతుంటారు. జవాబు మన బంటుమిల్లి కాలవ గట్టు మీదే ఉంది.

మనది శివారు ఆయకట్టు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు మనదాకా రావాలంటే, దారిలో ప్రతి లాకు దగ్గరా లస్కరు తన గేజి చూసుకుని తలుపులు ఎత్తాలి, దించాలి. కాలవ మొత్తం ఏ ఒక్కరికీ కనపడదు. అయినా ఎగువవాళ్లు మన వంతు మరిచిపోతే మన చేలు ఎండుతాయి. రాత్రిళ్లు బోదె గట్టున కాపలా కాసినవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు.

గ్రిడ్‌కి ఆ గేజి ఫ్రీక్వెన్సీ. మన దేశంలో 50 హెర్ట్జ్. వాడకం ఉత్పత్తిని మించితే అది తగ్గుతుంది. ఎంత ఉత్పత్తి చేయాలో ముందుగా చెప్పేది లోడ్ డిస్పాచ్ కేంద్రమే. కానీ సెకన్లలో వచ్చే ఆపదకి ఫోను చేసే వ్యవధి ఉండదు. ప్రతి జనరేటరుకీ ఉండే గవర్నరు, ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగకుండా, ఆవిరినో నీటినో కాస్త పెంచాలి. అన్ని మిషన్లూ తలా కొంత మోస్తేనే గ్రిడ్ నిలుస్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా మిషను లోడు ఊగకూడదని గవర్నరు స్పందించకుండా కట్టేసేవాళ్లం. నేనూ చేశాను. మీటరు ముల్లు కదలకపోతే మంచి షిఫ్టు అనుకున్నాను. తన బోదె నింపుకుని దిగువ చేను మరిచిపోయిన రైతుకీ నాకూ తేడా లేదని తర్వాత తెలిసింది.

2012 జూలై 30 తెల్లవారుజామున బీనా–గ్వాలియర్ 400 కేవీ లైను ట్రిప్పయింది. లైనులో లోపమేమీ లేదు. ఎక్కువ లోడుని రిలే లోపమనుకుంది. దానికి కనిపించింది అంతే. ఉత్తరాది గ్రిడ్ కూలింది. మర్నాడు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా దానితోపాటే కూలాయి. సుమారు 60 కోట్ల మంది ఉండే ప్రాంతమది. దక్షిణాది అప్పటికి వాటితో ఏసీ లైన్లతో కలవలేదు కాబట్టి నిలబడింది. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో మనమూ కలిశాం.

ఎవరి నిర్ణయం వాళ్లే తీసుకోవచ్చు. కానీ దాని సెట్టింగు పెట్టేరోజున మాత్రం పక్కవాళ్లతో కలిసి కూర్చోవాలి. ఈ బడి పిల్లల్లో ఎవరైనా రేపు కంట్రోల్ రూములో కూర్చుంటే, తమ మీటరుతో పాటు శివారు చేనునీ గుర్తుంచుకోమని నా మనవి.