పేర్ల పద్దు ఎవరి చేతిలో ఉన్నది?



పొద్దటి నుంచి అసైన్డ్ భూముల గురించి, శ్మశానం జాగా గురించి, ఉపాధి కూలి బకాయిల గురించి మాట్లాడుకున్నం. ఇప్పుడు ఇంటర్నెట్‌లో పేర్ల సంగతి అంటే, అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడు ఇంకొకడు అన్నట్టుగా కొందరికి నవ్వు రావచ్చు. నవ్వండి, కానీ వినండి. ఇది కూడా పద్దు ముచ్చటే. పద్దు రాసేవాడిదే పెత్తనం అని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1984లో కరణాలను, పటేల్ పట్వారీలను తీసేసేదాకా ఊళ్లో ఏ చెలక ఎవరి పేరున ఉన్నదో వాళ్ల పెట్టెలోనే ఉండేది. తాతలనాడు దున్నిన భూమి ఇంకొకడి పేరు మీద ఎక్కిందని కోర్టు కాగితం వచ్చిన రోజే తెలిసేది.

ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికి ఒక అంకెల నంబరు ఉంటది. అంకెలు మనిషికి గుర్తుండవు గనక పేర్లు పెట్టుకున్నరు. వాటినే డొమైన్ పేర్లు అంటరు. చివరి చుక్క తర్వాత వచ్చే ముక్క, అంటే డాట్ కామ్, డాట్ ఇన్, డాట్ ఆర్గ్, ఇవి ఊళ్ల పేర్లనుకోండి. దానికి ముందున్నది ఇంటి పేరు. ఏ ఊళ్లుండాలె, ఏ ఊరి పద్దు ఎవరు రాయాలె అనేది అన్నిటికంటె పైన ఇంకో పద్దులో ఉంటది. దాన్ని రూట్ అంటరు. అందులో ఇయ్యాల 1400 పైచిలుకు ఊళ్లున్నయి. ఎక్కని ఊరు లోకానికి కనపడదు. కొట్టేసిన ఇల్లు ఉన్నా లేనట్టే. మన సంఘాల కరపత్రాలు, నిజనిర్ధారణ నివేదికలు, బాబాసాహెబ్ రచనలు పెట్టుకున్న సైట్లు అన్నీ ఎవడో ఒకడు రాసే పద్దులో ఒక్కో వరస.

మొదట్లో ఈ పద్దును అమెరికాలో జాన్ పోస్టెల్ అనే పండితుడు ఒక విశ్వవిద్యాలయంలో కూర్చుని చూసేవాడు. వ్యాపారం పెరిగింది, డబ్బు కనపడ్డది, కొట్లాటలు మొదలైనయి. 1998లో కాలిఫోర్నియాలో ఐకాన్ అనే సంస్థను పెట్టి దానికి అప్పగించిన్రు. లాభాపేక్ష లేని సంస్థ అని పేరు. అయినా 2016 అక్టోబర్ 1 దాకా అమెరికా వాణిజ్య శాఖ కాంట్రాక్టు కిందనే నడిచింది. ఇప్పుడా కాంట్రాక్టు లేదు. ప్రభుత్వాలు, కంపెనీలు, ఇంజనీర్లు, మామూలు వాడకందార్లు అందరూ కలిసి నిర్ణయాలు చేస్తరని చెప్తరు. నియమం మార్చాలంటే ముసాయిదా బయటపెట్టి, మామూలుగా నలభై రోజులు అభిప్రాయాలు తీసుకుంటరు. ఎవరైనా రాయొచ్చు, ఫీజు లేదు. సభలకు ఎవరైనా పోవచ్చు, టికెట్ లేదు.

అంటే చెరువు అందరిదీ అన్నమాట. ఇది మనం విన్న మాటే. 1923లో బొంబాయి శాసన మండలి ప్రజల చెరువులు, బావులు అంటరానివాళ్లకు కూడా అని తీర్మానం చేసింది. 1924లో మహాడ్ మునిసిపాలిటీ చౌదార్ చెరువు అందరిదని ఒప్పుకున్నది. కాగితం మీద పని అయిపోయింది. చెరువులో మన దోసిలి మాత్రం మునగలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి నీళ్లు ముట్టిండు. దెబ్బలు తగిలినయి, కోర్టు కేసులు ఏండ్లకేండ్లు నడిచినయి. అందుకే "తలుపు తీసే ఉన్నది రండి" అని ఎవరన్నా అనంగనే, ఇప్పటిదాకా లోపలికి పోయినోళ్లెవరని మనం అడుగుతం.

ఐకాన్ చరిత్రలో ప్రజలతో ఓట్లేయించిన ఎన్నిక ఒక్కటే ఉన్నది. మొదటి నిబంధనల ప్రకారం 19 మంది బోర్డులో 9 మంది వాడకందార్ల తరఫున రావాలె. 2000లో అయిదు సీట్లకే ఎన్నిక పెట్టిన్రు, ప్రాంతానికొకటి. ఓటు కంప్యూటర్ మీదనే. లెక్కలు వినండి. లోకం మొత్తం మీద పడ్డ ఓట్లు 34,035. ఆసియా, పసిఫిక్ కలిపి 17,745. ఐరోపా 11,309. ఉత్తర అమెరికా 3,449. లాటిన్ అమెరికా 1,402. ఆఫ్రికా ఖండం మొత్తానికి 130. మన ఊళ్లో వార్డు మెంబరు ఎన్నికకు ఇంతకంటె ఎక్కువ పడ్తయి! కంప్యూటరు, కరెంటు, ఇంగ్లీషు మూడూ ఉన్నోడికే ఓటు అంటే ఇట్లనే ఉంటది. చదువు, ఆస్తి ఉన్నోళ్లకే ఓటు అన్న కాలంలో బాబాసాహెబ్ 1919లో సౌత్‌బరో కమిటీ ముందుకు పోయి కొట్లాడింది దీని మీదనే.

ఉత్తర అమెరికా నుంచి గెలిచినాయన కార్ల్ అవర్‌బాక్ అనే ఇంజనీరు, ఐకాన్‌ను గట్టిగా విమర్శించే మనిషి. బోర్డులో కూర్చున్నంక సంస్థ రికార్డులు చూపించమన్నడు. బోర్డు మెంబరు అడిగితే చూపాలె గదా? షరతులు పెట్టిన్రు. 2002లో ఆయన కాలిఫోర్నియా కోర్టుకు పోతే కోర్టు ఆయన పక్షానే చెప్పింది. రిజర్వుడు సీట్లో గెలిచిన మన సర్పంచ్ అక్కకు తీర్మానాల పుస్తకం చూపించని ఉపసర్పంచ్ మీకు యాదికొస్తలేడా? అవర్‌బాక్ అమెరికా మనిషి, చదువుకున్నోడు, వకీలును పెట్టుకోగలిగిండు. మన అక్క పుస్తకం కోసం ఏ కోర్టుకు పోతది, ఏ బస్సెక్కి పోతది?

2002 చివర్లో నిబంధనలు మార్చి నేరుగా ఓటేసే పద్ధతిని ఎత్తేసిన్రు. ఓట్లు తక్కువ పడ్డయి, కొన్ని దేశాలోళ్లు గుంపుగా ఓట్లేసుకున్నరు, ఖర్చు ఎక్కువ అని కారణాలు చెప్పిన్రు. ఆ మాటల్లో కొంత నిజం లేకపోలేదు. కానీ ఓట్లు తక్కువైతే ఓటర్లను పెంచాలె గాని ఎన్నికను తీసేస్తరా? దాని బదులు వాడకందార్లకు 15 మంది సలహా కమిటీ ఇచ్చిన్రు. వీళ్లు సలహా చెప్తరు, బోర్డు వింటే వింటది. 2010 నుంచి బోర్డులో ఓటున్న సీటు ఒక్కటి వాళ్ల వంతుకు వచ్చింది. తొమ్మిది అన్నది అయిదైంది, అయిదు పోయి ఒకటైంది.

ఇగ డాట్ ఆర్గ్ సంగతి. ఇది మన లాంటి సంఘాలు ఎక్కువగా కాపురముండే ఊరు. కోటి దాకా పేర్లున్నయి. 2003 నుంచి ఇంటర్నెట్ సొసైటీ అనే సంస్థ చేతి కింద ఉన్నది. ఏటా ధర 10 శాతం కంటె ఎక్కువ పెంచొద్దని కట్టడి ఉండేది. 2019లో ఆ కట్టడి తీసేద్దామనుకుంటున్నం, అభిప్రాయం చెప్పండని అడిగిన్రు. 3 వేలకు పైగా అభిప్రాయాలొచ్చినయి. దాదాపు అన్నీ వద్దనే. జూన్ 30న కట్టడి తీసేసిన్రు. గనుల కోసమో ఫ్యాక్టరీ కోసమో టెంటేసి, పోలీసులను నిలబెట్టి, ఊరంతా వద్దన్నంక "ప్రజాభిప్రాయ సేకరణ సజావుగా ముగిసింది" అని రాసుకపోయే అధికారులను చూసినోళ్లకు ఇది కొత్తేం కాదు.

అదే ఏడు నవంబర్‌లో అసలు సంగతి బయటపడ్డది. డాట్ ఆర్గ్‌ను నడిపే సంస్థను ఈథోస్ క్యాపిటల్ అనే పెట్టుబడి కంపెనీకి 113 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్మేస్తమన్నరు. ఊరికి ఊరే అమ్మకం. అందులో కాపురమున్నోళ్లను ముందుగా ఒక్క మాట అడిగింది లేదు. అప్పుడు లేచిన్రు జనం. ప్రపంచంలో ఉన్న చిన్నా పెద్దా సంఘాలు సంతకాలు పెట్టినయి. 2020 జనవరిలో లాస్ ఏంజెల్స్‌లో ఐకాన్ ఆఫీసు ముందు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డరు. ఏప్రిల్‌లో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ఈ అమ్మకానికి ఒప్పుకోవద్దని ఉత్తరం రాసిండు. ఏప్రిల్ 30న ఐకాన్ బోర్డు అమ్మకాన్ని తిరస్కరించింది.

ఇది ప్రజల గెలుపు అని కొందరు రాసిన్రు. సగం ఒప్పుకుంటం. జనం లేవకపోతే అటార్నీ జనరల్ కన్ను దాని మీద పడేది కాదు. కానీ అటార్నీ జనరల్ ఉత్తరం రాకపోతే జనం కేకలకు బోర్డు దిగివచ్చేదా? 3 వేల అభిప్రాయాలను చెత్తబుట్టలో వేసింది కూడా ఆ సంస్థే గదా. ఇంకోటి, 2019లో తీసేసిన ధర కట్టడి ఆ గెలుపుతో తిరిగి రాలేదు. అంటే బయట గొడవ, లోపల చట్టం పట్టు రెండూ కావాలె. కారంచేడు, చుండూరు పోరాటాలు కూడా మనకు ఇదే చెప్పినయి. శిబిరం ఒక్కటీ సరిపోలేదు, కోర్టు ఒక్కటీ సరిపోలేదు.

కొత్త ఊళ్లు కట్టుకునే హక్కు ఎవరిదో కూడా చూడండి. 2012లో దరఖాస్తు ఫీజు 1,85,000 డాలర్లు. వచ్చిన దరఖాస్తులు 1,930, అందులో ఆఫ్రికా నుంచి 17. బీదలకు సాయం పథకం పెట్టిన్రు. అడిగింది ముగ్గురు, దొరికింది ఒక్కరికి. మన ఎస్సీ కార్పొరేషన్ లోన్ల లెక్కనే. 2026 విడత ఫీజు 2,27,000 డాలర్లు. అమెజాన్ అనే పేరు కంపెనీకా, ఆ నది ఒడ్డున బతికే జనానికా అని బ్రెజిల్, పెరూ ఏండ్ల తరబడి కొట్లాడినయి. చివరికి 2020లో డాట్ అమెజాన్ కంపెనీకే పోయింది. 2013లో డర్బన్ సభలో మన దేశ ప్రభుత్వం కూడా అభ్యంతరం పెట్టింది, ఒక కార్ల కంపెనీ అడిగిన డాట్ రామ్ మీద, డాట్ ఇండియన్స్ మీద. పెట్టుకోనియ్యండి. కానీ అదే డర్బన్‌లో 2001లో జాతి వివక్ష సభకు మనోళ్లు పోయి కులం మాట ఎత్తితే, అది మా ఇంటి విషయం అని అడ్డం పడ్డది ఆ దేశ ప్రభుత్వమే. దేశం తరఫున పోయినోళ్లు మన తరఫున మాట్లాడుతరని ఎట్ల నమ్మమంటరు?

మన దగ్గరికే వచ్చింది ఈ సభ. 2016 నవంబర్ 3 నుంచి 9 దాకా హైదరాబాద్‌లో, మాదాపూర్ దిక్కున. మూడు వేల మంది దాకా వచ్చిన్రు. అదే ఏడు జనవరిలో, అక్కడికి దగ్గరలోనే ఉన్న సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్‌ను పోగొట్టుకున్నం. వెలివాడ ఫోటో లోకమంతా తిరిగింది ఇంటర్నెట్ మీదనే. సభ నడుస్తుండగానే నవంబర్ 8 రాత్రి నోట్లు రద్దయినయి, మనం బ్యాంకుల ముందు వరసలో పడ్డం. తెలుగు అక్షరాల్లో డాట్ భారత్ 2011లోనే రూట్ పద్దులో ఎక్కింది. తెలుగు పేర్లలో ఏ అక్షరాలు చెల్లుతయి, కన్నడ అక్షరాలతో కలగలిసి మోసం జరగకుండా ఏం చెయ్యాలె అనే నియమాలు 2019లో తయారైనయి. వాటి మీదా అభిప్రాయాలు అడిగిన్రు. పండితులు పనిచేసిన్రు, తప్పనం. కానీ మన వాడలో ఎవరికి తెలుసు?

పేరు కొన్నోడి ఇంటి అడ్రసు, ఫోను నంబరు 2018 మే దాకా చాలావరకు ఎవరికైనా కనపడేవి. కారంచేడు కేసులో సాక్షి అలీసమ్మను చంపినోళ్లున్న దేశం మనది. మన నివేదిక పెట్టిన పిల్లగాడి ఇల్లు ఎక్కడో దొరలకు తెలిస్తే ఏమవుతదో చెప్పాల్నా? ఐరోపా చట్టం ఒకటి వచ్చి ఆ వివరాలను దాచింది. మనం అడిగితే కాదు. ఇప్పుడు ఆ వివరాలు ఎవరడిగితే ఇయ్యాలె అనే వాదనలో పోలీసుల మనుషులున్నరు, పెద్ద కంపెనీల వకీళ్లున్నరు.

పోవాల్నా వద్దా అని కొందరు తమ్ముళ్లు అడుగుతున్నరు. 1928లో సైమన్ కమిషన్‌ను కాంగ్రెసోళ్లు బహిష్కరించిన్రు, బాబాసాహెబ్ మాత్రం పోయి మన లెక్క చెప్పి వచ్చిండు. మేమూ పోదామంటున్నం, నమ్మి కాదు. ఆసియా, పసిఫిక్ విభాగంలో మన లాంటి సంఘాలు సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు వచ్చిన హాస్టల్ పిల్లలను ఇద్దరిద్దరిని జిల్లాకు తీసుకుందాం. ముసాయిదా వచ్చినప్పుడు రెండు పేజీల్లో తెలుగు చేసి ఈ పత్రికలో వేస్తం. మీరు చదివి మీ మాట చెప్పండి, వాళ్లు ఇంగ్లీషులో పెట్టి పంపుతరు.

అంతకంటె ముందు ఒక పని. మీ సంఘం సైటు పేరు ఎవరి పేరున కొన్నరో చూడండి. చాలాచోట్ల కంప్యూటరు తెలిసిన పిల్లగాడి సొంత పేరున ఉంటది. అతను ఉద్యోగానికి దూరం పోతే, గడువు దాటితే, ఆ పేరును వేరేవాడు కొనుక్కుని మన మీదనే రాస్తడు. పేరు సంఘం పేరున మార్పించండి, తాళం మాట ఇద్దరి దగ్గర ఉంచండి, గడువు తేదీని ఆఫీసు గోడ మీద పెద్దగా రాసిపెట్టండి. వచ్చే మీటింగుకు ఆ తేదీ, ఎవరి పేరున ఉన్నదో ఒక చీటీ మీద రాసుకుని రండి.