బండీ, బాకీ

ఈ పూట పికప్ ట్రక్కుల గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. "ఆదివారం పూట ట్రక్కుల గోలేమిటండీ" అని రేడియో కట్టేయకండి. ఇది బండి కథే గానీ, మా ఇంటి కథ కూడా. మీలో చాలామంది ఇంటి కథ కూడా అయి ఉండొచ్చు.

మాది కడప జిల్లా. కువైట్‌లో ఆరేళ్ళు ఒక వర్క్‌షాపులో పనిచేసి, తర్వాత టెక్సాస్ వచ్చాను. పోయిన సంక్రాంతికి మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. ఊళ్ళో చీనీ తోట చూసుకునేది వాడే. "అన్నా, హైలక్స్ తీసుకుందామనుకుంటాండా. జన్మలో చెడిపోదంట గదా! సగం నువ్వు పంపితే మిగతాది ఫైనాన్స్‌లో పెడతా" అన్నాడు.

వాడి మాట అబద్ధం కాదు. టయోటా వాళ్ళు హైలక్స్‌ను 1968లో జపాన్‌లో మొదలుపెట్టారు. కువైట్‌లో మా షెడ్డుకొచ్చే హైలక్స్‌లు లక్షల కిలోమీటర్లు తిరిగినవే. అయితే అక్కడ ఇంజనొక్కటే గొప్పది కాదు. ఏ సందులో చూసినా దానికి స్పేర్ పార్టులు దొరికేవి, కళ్ళు మూసుకుని విప్పి బిగించే మెకానిక్కులు ఉండేవాళ్ళు. అక్కడి శత్రువు ఎండ. రేడియేటరు, బ్యాటరీ, రబ్బరు గొట్టాలు, ఏసీ, ఇవే ముందు పోయేవి.

అమెరికా వచ్చాక ఆ తెలివితేటలతోనే దెబ్బ తిన్నాను. మొదట్లో ఒక సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నాను. కంపెనీ పేరు అనవసరం. ఇంజను చప్పుడు విన్నాను, ఆయిల్ చూశాను, "భేష్" అనుకున్నాను. అది మంచు కురిసే ఉత్తరాది రాష్ట్రం నుంచి వచ్చిన బండి. అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. కువైట్‌లో అలవాటు లేదు కాబట్టి కింద దూరి ఫ్రేము చూడలేదు. ఏడాది తిరక్కుండా ఫ్రేము తుప్పు పట్టి చిల్లులు పడిందని తేలింది. ఇంజను బంగారం, బండి మాత్రం పాత ఇనుము!

అంటే ఏమిటన్నమాట? బండి మన్నిక బండిలో సగమే ఉంటుంది. మిగతా సగం అది తిరిగే ఊళ్ళో ఉంటుంది.

ఇంకో తమాషా చూడండి. ప్రపంచమంతా పొగిడే ఆ హైలక్స్ అమెరికా షోరూముల్లో దొరకదు. ఇక్కడ 1995 నుంచి అమ్ముతున్నది టకోమా, అది వేరే బండి. దీని వెనక కోడి మాంసం గొడవ కూడా ఉంది. 1960లలో యూరప్ దేశాలు అమెరికా కోడి మాంసం మీద సుంకం పెంచాయి. దానికి జవాబుగా బయటి నుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద అమెరికా 25 శాతం సుంకం వేసింది. 1964లో అమల్లోకి వచ్చిన ఆ సుంకాన్ని ఇప్పటికీ చికెన్ టాక్స్ అనే పిలుస్తారు. ఆ గోడ చాటున ఇక్కడి పెద్ద ట్రక్కులు హాయిగా పెరిగాయి. ఫోర్డ్ ఎఫ్ సిరీస్ 1977 నుంచి ఏటా ట్రక్కుల అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉంది.

దక్షిణాఫ్రికా నుంచి వినేవారికి డర్బన్ దగ్గరి ప్రాస్పెక్టన్‌లో హైలక్స్ తయారవుతుందని నేను చెప్పక్కర్లేదు. అక్కడ పికప్‌ను "బకీ" అంటారు. మన చెవికి "బాకీ" అన్నట్టే వినిపిస్తుంది. చాలా ఇళ్ళలో జరిగేదీ అదే!

అక్కడే ఇంకో పాఠం ఉంది. నిస్సాన్ వాళ్ళు యూరప్‌లో అమ్మిన నవారాకు 2015లో యూరో ఎన్‌క్యాప్ ప్రమాద పరీక్షలో 4 స్టార్లు వచ్చాయి. అదే కంపెనీ ఆఫ్రికాలో అమ్మిన ఎన్‌పీ 300 హార్డ్‌బాడీకి 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఇచ్చింది సున్నా. పరీక్షలు వేరు, బండ్లూ వేరే, కానీ ముందున్న గుర్తు ఒకటే. అందుకే గుర్తు చూసి మోసపోవద్దంటాను.

మళ్ళీ మా తమ్ముడి దగ్గరికి వద్దాం. ఇండియాలో హైలక్స్ 2022లో వచ్చింది. షోరూమ్ ధరే దాదాపు 34 లక్షల దగ్గర మొదలైంది. శ్రీసిటీలో ఇసుజు వాళ్ళు 2016 నుంచి పికప్‌లు తయారుచేస్తున్నారు. అవీ మంచి బండ్లే. కానీ వాడి పని చీనీ కాయలు మార్కెట్ యార్డుకు చేర్చడం. ఆ పనికి ఒకటిన్నర టన్నుకు పైగా మోసే బొలెరో పికప్ రకాలు ఉన్నాయి, ధర అందులో సగం కూడా కాదు. పైగా 2020 నుంచి వస్తున్న బీఎస్ 6 డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. రోజూ తోటకీ ఇంటికీ రెండు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే అది మూసుకుపోతుంది. అప్పుడప్పుడూ హైవే ఎక్కించాలి.

అందుకని వాణ్ణి మూడు ప్రశ్నలు అడిగాను. ఎంత బరువు మోస్తుంది? చెడిపోతే ఎన్ని గంటల్లో మళ్ళీ రోడ్డెక్కుతుంది? అయిదేళ్ళ తర్వాత అమ్మితే మన తాలూకాలో కొనేవాడెవడు? కొన్న ధరలోంచి అమ్మకం ధర తీసెయ్, వడ్డీ, ఇన్సూరెన్సు, షెడ్డులో పడి ఉన్న రోజుల నష్టం కలుపు, అదీ బండి అసలు ఖరీదు అన్నాను.

వాడికి కోపం వచ్చింది. "నువ్వు మాత్రం అంత పెద్ద బండిలో తిరగొచ్చు, మేము తిరగకూడదా?" అన్నాడు. రెండు వారాలు ఫోన్ లేదు. పిన్ని కూడా ముభావంగానే మాట్లాడింది. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు గుచ్చుకుంది. నా ట్రక్కు వెనక నేను మోసే బరువు వారానికోసారి కాస్ట్‌కో బియ్యం బస్తా! నాకు లేని లెక్క వాడికి చెప్పానేమో అనిపించింది.

చివరికి వాడే మార్కెట్ యార్డులో డ్రైవర్లను అడిగి తిరిగి, మూడేళ్ళు నడిచిన బొలెరో పికప్ తీసుకున్నాడు. నేను పంపిన దానిలో మిగిలింది డ్రిప్ పైపులకు వెళ్ళింది. "అన్నా, హైలక్స్ మాత్రం మరిచిపోలా" అంటాడు ఇప్పటికీ. మరిచిపోవద్దులే అన్నాను. తోట బాకీ తీరాక, సరదా కోసమని ఒప్పుకుని కొంటే తప్పేమీ లేదు.

నేను కూడా ఈ ఏడు నా ట్రక్కు అమ్మేసి చిన్నది తీసుకుంటున్నాను. కింద దూరి ఫ్రేము చూశాకే సుమండీ!