బడులు తెరిచారు, పిల్లలందరూ వచ్చారా?

(హైదరాబాదు పాతబస్తీలో 2021 అక్టోబరులో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభ కోసం మేము రెండు నెలలుగా ఇల్లిల్లూ తిరుగుతున్నాము. మొదట తల్లిదండ్రుల వద్దకు వెళ్ళాము. "పాఠం చెప్పకుండానే ఫీజు అడిగేవారితో మాకేం మాటలు?" అన్నారు. ఉపాధ్యాయుల వద్దకు వెళ్ళాము. "ఏడాదిన్నరగా పిల్లవాడు ఏం చదువుతున్నాడో అడగనివారు ఇప్పుడు మమ్మల్ని నిలదీస్తారా?" అన్నారు. ఈ రెండు మాటల్లోనూ బాధ ఉంది. రెండింటిలోనూ కొంత అన్యాయమూ ఉంది. బాధ ఎంత, అన్యాయం ఎంత అన్నది ఈ రోజు అందరి ముందు మాట్లాడుకుందాం.

జరిగినదాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబరు 1 నుండి ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానెళ్ళ ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. ప్రైవేటు పాఠశాలలు ఫోన్లలో తరగతులు నడిపాయి. 2021 ఫిబ్రవరిలో పై తరగతులకు తెరిచిన తలుపులు మార్చి నెల పూర్తి కాకముందే మళ్ళీ మూసుకున్నాయి. ఈ సెప్టెంబరు 1న తిరిగి తెరిచారు. ప్రత్యక్ష తరగతులకు రమ్మని పిల్లలను బలవంతం చేయరాదని హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తెరవాలా, మూయాలా అన్న నిర్ణయాలన్నీ పైనుండే వచ్చాయి. వాటి భారం మాత్రం బడి గేటు దగ్గర ఎదురుపడే తల్లి మీద, టీచరు మీద పడింది.

మేము చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాము. తల్లి లక్క గాజులకు రాళ్ళు అతుకుతుంది. తండ్రి ఆటో నడుపుతాడు. ముగ్గురు పిల్లలు, ఒకే ఫోను. ఆ ఫోను పొద్దున్నే తండ్రితో పాటు ఆటోలో వెళ్ళిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి అది ఇంటికి వచ్చేసరికి పాఠాలు అయిపోయి ఉంటాయి. పిల్లలకు హాజరు పడలేదు. "మీ పిల్లలకు శ్రద్ధ లేదు" అని బడి నుండి సందేశం వచ్చింది. ఆ మాట చదివించుకుని విన్న ఆ తల్లి నాటి నుండి బడి వైపు వెళ్ళలేదు.

అదే గల్లీలో, నాలుగు ఇళ్ళ అవతల, ఒక చిన్న ప్రైవేటు బడి ఉపాధ్యాయురాలు ఉంటుంది. బడి మూతపడిన కొద్ది నెలలకే ఆమెకు జీతం ఆగింది. ఉదయం ఫోనులో పాఠం చెప్పి, మధ్యాహ్నం దుపట్టాలకు అంచులు కుట్టింది. రీఛార్జి డబ్బు ఆమెదే. 2021 ఏప్రిల్ నుండి ప్రభుత్వం ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం కోసం ఆమె నిలబడిన చౌక ధరల దుకాణం వద్దే గాజుల పని చేసే ఆ తల్లీ నిలబడింది. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఒకరికి ఫీజు బాకీ, మరొకరికి జీతం బాకీ. ఆ ఇద్దరికీ బాకీపడినవారు ఆ వరుసలో లేరు.

ఫీజు గొడవలో మనకు దారి లేకపోలేదు. ప్రైవేటు బడులు ఫీజులు పెంచరాదని, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలనెలా తీసుకోవాలని తెలంగాణ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లోనే జీవో 46 ఇచ్చింది. రాజస్థాన్ ప్రైవేటు పాఠశాలల కేసులో 2021 మే నెలలో సుప్రీంకోర్టు ఆ సంవత్సరపు ఫీజులో 15 శాతం తగ్గించమంది. ఫీజు కట్టలేదన్న కారణంతో పిల్లలను తరగతులకు దూరం చేయరాదని కూడా చెప్పింది. యాజమాన్యాన్ని అడగవలసిన ఈ ప్రశ్నలను టీచరును అడిగి ప్రయోజనం లేదు. ఫీజు వసూలును టీచరుకు అప్పగించే యాజమాన్యాలు కూడా ఈ తప్పు మానుకోవాలి.

ఇక బడులు తెరవడం గురించి. "ముందు టీకాలు, తర్వాతే బడి" అన్న తల్లిదండ్రులు ఉన్నారు. ఇరుకు గదిలో యాభై మంది పిల్లల మధ్య నిలబడవలసిన ఉపాధ్యాయులకూ భయం ఉంది. ఆ భయాలు తప్పు కావు. అయితే, 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల పేద కుటుంబాల్లో ఈ ఆగస్టులో జరిగిన సర్వే ఒక నిజం చెప్పింది. గ్రామాల్లో క్రమంగా ఆన్‌లైన్‌లో చదువుతున్నవారు 8 శాతమే. అసలు చదవనివారు 37 శాతం. ఆ తల్లిదండ్రుల్లో అత్యధికులు బడులు తెరవాలనే కోరారు. మధ్యాహ్న భోజనం ఆగిన ఇళ్ళలో ఆ కోరికకు కారణం వేరే చెప్పనక్కర లేదు.

మన సమాజానికి ఈ నష్టం మరింత బరువైనది. 6 నుండి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖం చూడలేదని, లేదా మధ్యలో మానేశారని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. అప్పుడు ఏ మహమ్మారీ లేదు. ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ముందుగా కొడుకు చేతికే వెళ్ళింది. బడి లేదు కదా అని కొందరు ఆడపిల్లలకు సంబంధాలు చూశారు. మగపిల్లలను మెకానిక్ షెడ్డుకు, హోటలుకు పంపారు. ఇందుకు ఏ టీచరూ బాధ్యులు కారు.

విద్యాహక్కు చట్టం, 2009 మన చేతిలో ఉంది. అది చెప్పే మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు పిల్లవాడి ప్రవేశాన్ని ఆపరాదు. ఫీజు బాకీ కోసం టీసీ ఆపిన చోట ఈ మాట చెప్పండి. రెండు, బడి మానేసిన పిల్లవాడిని వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. మూడు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సంరక్షకులే. కమిటీలో సగం మంది స్త్రీలు. ఎయిడెడ్, మైనారిటీ బడుల్లో ఆ కమిటీ సలహాకే పరిమితం. అయినా సలహా చెప్పే కుర్చీని ఖాళీగా వదలడం మన తప్పే.

మా ప్రతిపాదన ఒక్కటే. వచ్చే శుక్రవారం నుండి ప్రతి బడి హాజరు పట్టీ తీసి, మార్చి 2020లో ఉండి ఇప్పుడు లేని పేర్లు రాసుకుందాం. ఆ ఇళ్ళకు ఒక టీచరు, ఒక తల్లి లేదా తండ్రి కలిసి వెళ్ళాలి. ఆ గడపలో ఫీజు మాట ఎత్తరాదు. "పిల్లవాడు ఎక్కడ?" అని మాత్రమే అడగాలి. ఆ జాబితా పూర్తయ్యాక ఫీజులు, జీతాల విజ్ఞాపన పత్రం మీద ఇరువురూ కలిసి సంతకం చేసి అధికారులకు ఇద్దాం.

గాజుల పని చేసే ఆ తల్లి, జీతం ఆగిన ఆ టీచరు ఈ రోజు ఈ సభకు వచ్చారు. మొదటి జాబితాకు వారిద్దరి పేర్లూ మేము రాసుకున్నాము. తర్వాతి పేర్లు మీరు చెప్పండి.